ప్రభంజనం రాకపోతే కారణం ఎలా వెతకాలి? 2022 అమెరికా మధ్యంతర ఫలితాలను చదివే పద్ధతి

మధ్యంతర ఎన్నికలు అనగానే మనకు గడువు తీరకముందే సభ రద్దయి వచ్చే ఎన్నికలు గుర్తుకు వస్తాయి. అమెరికాలో ఆ మాటకు అర్థం వేరు. అధ్యక్షుని నాలుగేళ్ల పదవీకాలం సగానికి వచ్చేసరికి ప్రతినిధుల సభలోని మొత్తం 435 స్థానాలకు, సెనేట్‌లో దాదాపు మూడో వంతు స్థానాలకు, చాలా రాష్ట్రాల్లో గవర్నర్ పదవులకు, శాసనసభలకు ఒకే రోజున జరిగే ఎన్నికలివి. అధ్యక్షుడు బరిలో ఉండడు, కానీ తీర్పు ఆయన మీదనే అని అందరూ భావిస్తారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత 1998, 2002 సంవత్సరాలను మినహాయిస్తే ప్రతి మధ్యంతర ఎన్నికలోనూ అధ్యక్షుని పార్టీ ప్రతినిధుల సభలో స్థానాలు పోగొట్టుకుంది. కాబట్టి 2022 నవంబరు 8న జో బైడెన్ నాయకత్వంలోని డెమోక్రాట్లకు కూడా అదే జరుగుతుందని, అదీ మామూలు ఓటమి కాకుండా రిపబ్లికన్ల 'ఎర్ర కెరటం' (ఎరుపు ఆ పార్టీ రంగు) విరుచుకుపడుతుందని నెలల తరబడి చెప్పుకున్నారు. చివరికి రిపబ్లికన్లకు ప్రతినిధుల సభలో నికరంగా 9 స్థానాలు మాత్రమే పెరిగి 222కు చేరాయి. సెనేట్‌లో డెమోక్రాట్లు ఒక స్థానం పెంచుకుని 51కి చేరుకున్నారు. గవర్నర్ పదవుల్లోనూ వారికే నికరంగా రెండు పెరిగాయి.

ఇలాంటి ఫలితం వచ్చిన మరునాటి ఉదయానికే కారణాలు కుప్పలుగా వచ్చి పడతాయి. ఆ ఏడాది జూన్‌లో సుప్రీంకోర్టు కొట్టివేసిన గర్భస్రావ హక్కు అని ఒకరు, ట్రంప్ అని మరొకరు, యువత అని ఇంకొకరు, సర్వేలు అబద్ధం చెప్పాయని వేరొకరు అంటారు. వీటిలో ఏదీ పూర్తిగా తప్పు కాదు. అయితే దేని బరువు ఎంతో గట్టిగా మాట్లాడినంత మాత్రాన తేలదు. ఓట్ల లెక్కల్లోనే అందుకు కావలసిన సాక్ష్యం ఉంటుందని, కాస్త ఓపిక ఉన్న పాఠకుడు ఎవరైనా దాన్ని బయటికి తీయగలడని నా నమ్మకం. ఆ పని ఏ వరుసలో చేయాలో ఇక్కడ వివరిస్తాను.

ముందుగా జోస్యాన్ని విప్పి చూడండి

ఫలితం అంచనాలను తలకిందులు చేసిందని అనే ముందు ఆ అంచనా ఎవరిదో, దేని ఆధారంగా పుట్టిందో విడివిడిగా రాసుకోవాలి. 2022 విషయంలో మూడు రకాల అంచనాలు కలగాపులగమయ్యాయి.

మొదటిది చరిత్ర నుంచి వచ్చిన అంచనా. 1994లో క్లింటన్ పార్టీ 54 స్థానాలు, 2010లో ఒబామా పార్టీ 63 స్థానాలు, 2018లో ట్రంప్ పార్టీ 40 స్థానాలు కోల్పోయాయి. బైడెన్ పనితీరును మెచ్చేవారు నలభై శాతానికి కాస్త అటూ ఇటూగా ఉన్నారు. ద్రవ్యోల్బణం 2022 జూన్‌లో 9.1 శాతానికి చేరి నలభై ఏళ్ల గరిష్ఠాన్ని తాకింది. ఇన్ని ప్రతికూలతల మధ్య అధికార పార్టీ నిలబడుతుందని ఎవరూ అనుకోకపోవడంలో వింత లేదు. రెండోది నాయకుల ఆశ నుంచి వచ్చిన అంచనా. రిపబ్లికన్ నేత కెవిన్ మెకార్తీ ఏడాది ముందే అరవైకి పైగా స్థానాలు గెలవవచ్చని అన్నారు. మూడోది సర్వేల లెక్క. దేశవ్యాప్తంగా ఏ పార్టీకి ఓటేస్తారని అడిగిన సర్వేల సగటు చివరి రోజుకు రిపబ్లికన్లకు ఒక శాతం నుంచి రెండున్నర శాతం దాకా ఆధిక్యం చూపింది. వారికి వాస్తవంగా వచ్చిన ఆధిక్యం సుమారు 2.8 శాతం.

ఈ మూడింటినీ పక్కపక్కన పెడితే ఒక ముఖ్యమైన సంగతి బయటపడుతుంది: దేశస్థాయి సర్వేలు తప్పు చెప్పలేదు. ఫైవ్‌థర్టీఎయిట్ సంస్థ తుది అంచనా ప్రకారం సెనేట్ రిపబ్లికన్ల వశం కావడానికి ఉన్న అవకాశం నూటికి 59 మాత్రమే. అంటే నాణెం ఎగరేస్తే బొమ్మ పడడం కన్నా కొంచెం ఎక్కువ. దాన్ని ఖాయమైన గెలుపుగా చదువుకున్నది మనమే. కొన్ని కీలక రాష్ట్రాల్లో, ముఖ్యంగా పెన్సిల్వేనియాలో, రిపబ్లికన్ పక్షానికి దగ్గరగా ఉన్న సంస్థలు చివరి వారాల్లో విడుదల చేసిన సర్వేలు సగటును ఒకవైపు లాగాయన్నది నిజం. అయినా ప్రభంజనమనే ఊహకు పునాది వేసినవి ప్రధానంగా చరిత్ర, ఆశ. కాబట్టి మన ప్రశ్నను సరిచేసుకోవాలి. సర్వేలు ఎందుకు విఫలమయ్యాయని కాదు, ఇంతటి ప్రభుత్వ వ్యతిరేకత స్థానాలుగా ఎందుకు మారలేదని అడగాలి. ప్రశ్న మారకపోతే మిగతా శ్రమంతా వృథా అవుతుంది.

సీట్ల కన్నా ముందు ఓట్లు చూడండి

2020లో ప్రతినిధుల సభ ఓట్లలో డెమోక్రాట్లకు సుమారు 3.1 శాతం ఆధిక్యం వచ్చింది, 222 స్థానాలు దక్కాయి. 2022లో రిపబ్లికన్లకు 2.8 శాతం ఆధిక్యం వచ్చింది, వారికీ 222 స్థానాలే దక్కాయి. రెండు వరుసలను కాగితం మీద ఒకదాని కింద ఒకటి రాసి చూడండి. రెండేళ్లలో దేశం దాదాపు ఆరు శాతం అటు నుంచి ఇటు ఒరిగింది. డెమోక్రాట్ అభ్యర్థులే లేని నియోజకవర్గాలు కొన్ని ఉండడం వల్ల ఈ లెక్క కాస్త పెద్దదిగా కనిపిస్తుంది గాని, ఎంత తగ్గించినా గాలి వీచిందన్న మాట మాత్రం నిలుస్తుంది. గాలే లేదని వాదించేవారు ఈ ఆరు శాతానికి సమాధానం చెప్పలేరు.

గాలి వీచినా తొమ్మిది స్థానాలే ఎందుకు మారాయి? దీనికి మూడు కారణాలున్నాయి, మూడింటికీ ఓటరు మనసుతో నేరుగా సంబంధం లేదు. డెమోక్రాట్లు 2018లో గెలిచిన 235 స్థానాల్లో బలహీనమైన వాటిని 2020లోనే చాలావరకు పోగొట్టుకున్నారు. ఇక ఊడిపోవడానికి మిగిలినవి తక్కువ. 2020 జనగణన తర్వాత జరిగిన నియోజకవర్గాల పునర్విభజనలో హోరాహోరీ పోటీ ఉండే స్థానాల సంఖ్య తగ్గింది. అన్నిటికన్నా ముఖ్యంగా, రిపబ్లికన్ల వైపు మళ్లిన ఓట్లు దేశమంతటా సమానంగా పడలేదు. న్యూయార్క్‌లో 8గా ఉన్న రిపబ్లికన్ సభ్యుల సంఖ్య 11కు, ఫ్లోరిడాలో 16 నుంచి 20కి పెరిగింది. రెండింటినీ కలిపితే ఏడు. దేశం మొత్తంలో నికరంగా పెరిగిన తొమ్మిదిలో ఏడు ఈ రెండు రాష్ట్రాల లెక్కే. మిగిలిన 48 రాష్ట్రాల్లో లాభనష్టాలు పోగా మిగిలింది రెండు. 'దేశం ఇలా అనుకుంది' అనే వాక్యం రాయబోయే ముందు ఈ కూడికను ఒకసారి చేసుకుంటే కలం దానంతట అదే ఆగుతుంది.

ఒకే బ్యాలెట్ మీద ఒకే పార్టీ వారిద్దరిని పోల్చండి

ఈ పనిలో అన్నిటికన్నా పదునైన పనిముట్టు ఇదే. అమెరికా ఓటరు ఒకే కాగితం మీద సెనేటర్‌కు, గవర్నర్‌కు, ఎన్నికల వ్యవహారాలు చూసే రాష్ట్ర కార్యదర్శికి, కోశాధికారికి విడివిడిగా ఓటేస్తాడు. ఆ రోజు పెట్రోలు ధర అందరు అభ్యర్థులకూ ఒకటే. బైడెన్ మీద కోపమూ ఒకటే. ఓటేయడానికి వచ్చిన మనుషులూ వారే. కాబట్టి ఒకే పార్టీకి చెందిన ఇద్దరికి ఓట్లు వేర్వేరుగా పడితే ఆ తేడాకు కారణం ద్రవ్యోల్బణం కాదు, పోలింగ్ శాతం కాదు. ఆ ఇద్దరి మధ్య ఉన్న తేడాయే. క్రాస్ ఓటింగ్ అని మనం పిలిచే ఈ వ్యవహారం 2022లో ఫలితాన్నే మార్చింది.

జార్జియాను దగ్గరగా చూద్దాం. గవర్నర్ పదవికి రిపబ్లికన్ బ్రయన్ కెంప్‌కు 21 లక్షలకు పైగా ఓట్లు వచ్చాయి. స్టేసీ ఏబ్రమ్స్ మీద ఆయన ఏడున్నర శాతం తేడాతో గెలిచారు. అదే రోజు అదే కాగితం మీద సెనేట్‌కు పోటీ చేసిన రిపబ్లికన్ హర్షెల్ వాకర్‌కు 19 లక్షల చిల్లర ఓట్లు వచ్చాయి. సుమారు రెండు లక్షల మంది కెంప్‌కు ఓటేసి వాకర్ దగ్గరికి వచ్చేసరికి చేయి వెనక్కి తీసుకున్నారన్నమాట. వారిలో కొందరు డెమోక్రాట్ రఫేల్ వార్నాక్‌కు, కొందరు మూడో పార్టీకి వేశారు, కొందరు ఆ గడిని ఖాళీగా వదిలేశారు. ఎవరికీ సగానికి మించి ఓట్లు రాకపోవడంతో డిసెంబరు 6న మళ్లీ పోటీ జరిగి వార్నాక్ 51.4 శాతంతో గెలిచారు. ఇంకో పేరు కూడా ఆ కాగితం మీద ఉంది. 2020 ఫలితాన్ని మార్చేందుకు ఓట్లు వెతికి పెట్టమని ట్రంప్ ఫోన్ చేస్తే కుదరదన్న రాష్ట్ర కార్యదర్శి బ్రాడ్ రాఫెన్స్‌పర్గర్, రిపబ్లికన్‌గానే నిలబడి సుమారు తొమ్మిది శాతం తేడాతో గెలిచారు. కెంప్‌ను, రాఫెన్స్‌పర్గర్‌ను పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీలోనే ఓడించాలని ట్రంప్ ప్రయత్నించారు. వాకర్‌ను ఆయనే ముందుకు తెచ్చారు.

అరిజోనాలో ఇదే పరీక్ష పెట్టండి. రిపబ్లికన్ కోశాధికారి కింబర్లీ యీ సుమారు 11 శాతం ఆధిక్యంతో తిరిగి ఎన్నికయ్యారు. 2020 ఎన్నిక దొంగిలించబడిందన్న వాదాన్ని ప్రచారానికి కేంద్రంగా చేసుకున్న గవర్నర్ అభ్యర్థి కారీ లేక్ 17 వేల ఓట్లతో ఓడిపోయారు. సెనేట్ అభ్యర్థి బ్లేక్ మాస్టర్స్ దాదాపు ఐదు శాతం తేడాతో ఓడారు. ముగ్గురిదీ ఒకే పార్టీ, ఒకే రాష్ట్రం, ఒకే రోజు. ఆ రాష్ట్రంలో ఆ రోజు ఓటేసిన వారిలో రిపబ్లికన్లుగా నమోదైనవారే డెమోక్రాట్ల కన్నా ఎక్కువ. అంటే లేక్, మాస్టర్స్‌ను ఓడించినది రిపబ్లికన్ల గైర్హాజరు కాదు, వచ్చి వేరేవైపు ఓటేసిన రిపబ్లికన్లు, తటస్థులు.

ఒహాయోలో గవర్నర్ మైక్ డివైన్ సుమారు 25 శాతం తేడాతో గెలిస్తే సెనేట్ అభ్యర్థి జె.డి. వాన్స్ ఆరు శాతంతో గెలిచారు. న్యూహాంప్‌షైర్‌లో గవర్నర్ క్రిస్ సునును హాయిగా గెలిచారు, అదే పార్టీ సెనేట్ అభ్యర్థి డాన్ బోల్డక్ తొమ్మిది శాతంతో ఓడారు. సెనేట్‌లో పార్టీ నాయకుడు మిచ్ మెకానెల్ ఆగస్టులోనే అభ్యర్థుల నాణ్యత గురించి బహిరంగంగా దిగులుపడ్డారు. ఆయన భయం ఎంత నిజమో ఈ జంటలను చూస్తే తెలుస్తుంది.

అయితే ఈ పనిముట్టుకూ ఒక హద్దుంది. పదవిలో ఉన్నవారికి ఉండే సహజమైన మొగ్గు ఇందులో కలిసిపోతుంది. కెంప్, డివైన్, సునును, యీ అప్పటికే పదవుల్లో ఉన్నవారు. ఆ ఏడాది తిరిగి పోటీ చేసిన సెనేటర్లలో ఒక్కరు కూడా సార్వత్రిక పోరులో ఓడిపోలేదు. ఓడిన గవర్నర్ నెవాడాకు చెందిన స్టీవ్ సిసొలక్ ఒక్కరే. కాబట్టి తేడా మొత్తాన్ని అభ్యర్థి వ్యక్తిత్వానికే కట్టబెట్టకుండా, ఎవరూ పదవిలో లేని చోట్లను వెతికి అక్కడ కూడా సరిచూడాలి. పెన్సిల్వేనియా అలాంటి చోటు. సెనేట్ స్థానంలోనూ గవర్నర్ స్థానంలోనూ కొత్తవారే పోటీపడ్డారు. టీవీ వైద్యుడిగా పేరున్న మెహ్మెట్ ఓజ్ మే నెల ప్రైమరీలో డేవిడ్ మెకార్మిక్ మీద కేవలం 951 ఓట్లతో గట్టెక్కి, నవంబరులో పక్షవాతం నుంచి కోలుకుంటున్న జాన్ ఫెటర్‌మన్ చేతిలో ఐదు శాతం తేడాతో ఓడారు. 2020 ఫలితాన్ని తిరగరాయాలని పోరాడిన గవర్నర్ అభ్యర్థి డగ్ మాస్ట్రియానో దాదాపు 15 శాతంతో ఓడారు. ఎవరికీ పదవి అండ లేని చోట కూడా అభ్యర్థి భావాలు ఎంత తీవ్రమైనవో ఓటమి అంత పెద్దదయింది.

వాషింగ్టన్ రాష్ట్రం మూడో నియోజకవర్గంలో ఇది మరీ స్పష్టంగా కనిపిస్తుంది. ట్రంప్ అభిశంసనకు ఓటేసిన రిపబ్లికన్ సభ్యురాలు హైమీ హెరేరా బట్లర్‌ను ప్రైమరీలో వెనక్కి నెట్టి జో కెంట్ బరిలో నిలిచారు. ట్రంప్ గెలిచిన ఆ ప్రాంతంలో డెమోక్రాట్ మరీ గ్లూసెన్‌క్యాంప్ పెరెజ్ సుమారు 2,600 ఓట్లతో స్థానాన్ని ఎగరేసుకుపోయారు. మిషిగన్ మూడో స్థానంలో అయితే అభిశంసనకు ఓటేసిన పీటర్ మైయర్‌ను ప్రైమరీలో ఓడించిన జాన్ గిబ్స్‌కు పేరు తెచ్చే ప్రకటనకు డెమోక్రాట్ల ప్రచార కమిటీయే డబ్బు పెట్టింది, నవంబరులో ఆ స్థానాన్ని గెలుచుకుంది. లెక్క ఫలించింది నిజమే, కానీ ప్రజాస్వామ్యం ప్రమాదంలో ఉందని ఓట్లడుగుతున్న పార్టీ చేయదగిన పని కాదని నా అభిప్రాయం.

రాష్ట్రం పక్కన రాష్ట్రాన్ని పెట్టండి

ఒకే బ్యాలెట్ పోలిక అభ్యర్థి పాత్రను తేలుస్తుంది. అంశం పాత్ర తేలాలంటే రాష్ట్రాలను పోల్చాలి. న్యూయార్క్, మిషిగన్ ఇందుకు మంచి జోడీ. న్యూయార్క్‌లో గర్భస్రావ హక్కుకు చట్టరక్షణ ఉంది, దాన్ని ఎవరూ తీసేయబోవడం లేదు. ప్రచారం నేరాల చుట్టూ తిరిగింది. 2020లో బైడెన్ 23 శాతం ఆధిక్యం సాధించిన ఆ రాష్ట్రంలో గవర్నర్ క్యాథీ హోకుల్ ఆరు శాతంతో బయటపడ్డారు. ప్రతినిధుల సభ డెమోక్రాట్ల ప్రచార కమిటీకి సారథి అయిన షాన్ పాట్రిక్ మలోనీ తన స్థానాన్నే కాపాడుకోలేకపోయారు. మిషిగన్‌లో 1931 నాటి గర్భస్రావ నిషేధం మళ్లీ అమల్లోకి వచ్చే ప్రమాదం నిజంగానే తలుపు దగ్గర నిలబడింది. హక్కును రాష్ట్ర రాజ్యాంగంలో చేర్చే మూడో ప్రతిపాదన బ్యాలెట్ మీదనే ఉంది. బైడెన్ మూడు శాతంలోపు తేడాతో గెలిచిన అక్కడ గవర్నర్ గ్రెచెన్ విట్మర్ పదిన్నర శాతంతో గెలిచారు. ప్రతిపాదన సుమారు 57 శాతం ఓట్లతో నెగ్గింది. దాదాపు 40 ఏళ్ల తర్వాత రాష్ట్ర శాసనసభలోని ఉభయ సభలూ గవర్నర్ పదవీ కలిసి డెమోక్రాట్ల చేతికి వచ్చాయి.

ఇక్కడ తొందరపడకూడదు. మిషిగన్ నియోజకవర్గాల హద్దులను ఆ ఏడాది మొదటిసారిగా పౌరుల స్వతంత్ర కమిషన్ గీసింది. శాసనసభ మారడంలో ఆ కొత్త హద్దులకూ వాటా ఉంది. న్యూయార్క్‌లో డెమోక్రాట్లు తమకు అనుకూలంగా గీసుకున్న పటాన్ని కోర్టు కొట్టివేసింది. కాబట్టి స్థానాల సంఖ్యను పక్కన పెట్టి, రాష్ట్రమంతా ఒకే నియోజకవర్గమైన గవర్నర్ పోటీని మాత్రమే పోల్చాలి. అక్కడ హద్దుల ప్రసక్తి లేదు, తేడా అయినా అలాగే ఉంది.

మీ వాదానికి ఎదురు నిలిచే రాష్ట్రాలను మీరే వెతికి పట్టుకోవాలి. గర్భస్రావాన్ని కట్టడి చేసే కఠిన చట్టాల మీద సంతకం చేసిన కెంప్, డివైన్, టెక్సస్‌లో గ్రెగ్ ఆబట్, ఫ్లోరిడాలో రాన్ డిశాంటిస్ అందరూ సులువుగానే గెలిచారు. డిశాంటిస్ ఆధిక్యం 19 శాతం. గర్భస్రావ హక్కే సర్వకారణమైతే ఈ నలుగురిలో ఒకరైనా కష్టపడి ఉండేవారు. నాకు తోచిన వివరణ ఏమిటంటే, హక్కు ఏమవుతుందో తేలకుండా తమ ఓటు మీదనే ఆధారపడి ఉందని జనం అనుకున్న చోట ఈ అంశం గట్టిగా పనిచేసింది. ఎలాగూ భద్రమే అనుకున్న చోట, లేదా చట్టం వచ్చినా పాలకుడు మిగతా విషయాల్లో నమ్మదగినవాడనిపించిన చోట అంతగా పనిచేయలేదు.

కారణాన్ని తేదీలతో పరీక్షించండి

ఒక సంఘటన కారణమని చెబితే దాని ముందూ వెనకా తేడా కనబడాలి. సుప్రీంకోర్టు డాబ్స్ కేసులో, దేశమంతటా గర్భస్రావ హక్కునిచ్చిన 1973 నాటి రో తీర్పును కొట్టివేసింది 2022 జూన్ 24న. దానికి పది రోజుల ముందు దక్షిణ టెక్సస్‌లో జరిగిన ఉప ఎన్నికలో మైరా ఫ్లోరెస్ డెమోక్రాట్ల స్థానాన్ని రిపబ్లికన్లకు గెలిచి ఇచ్చారు; కెరటం మొదలైందన్నారు. తీర్పు తర్వాత నాలుగు రోజులకు నెబ్రాస్కాలోనూ, ఆగస్టు 9న మిన్నెసోటాలోనూ జరిగిన ఉప ఎన్నికల్లో రిపబ్లికన్లు గెలిచినా, ట్రంప్ పది శాతం దాకా ఆధిక్యం సాధించిన ప్రాంతాల్లో వారి ఆధిక్యం సగానికి పడిపోయింది. ఆగస్టు 23న న్యూయార్క్ 19వ స్థానంలో గర్భస్రావ హక్కునే ప్రధానాంశం చేసుకున్న పాట్ రయన్ సుమారు రెండు శాతంతో గెలిచారు.

ఈ వరుసలో కాన్సస్‌ది ప్రత్యేక స్థానం. గర్భస్రావ హక్కుకు రాష్ట్ర రాజ్యాంగ రక్షణను తొలగించే సవరణ మీద ఆగస్టు 2న, మామూలుగా జనం అంతగా పట్టించుకోని ప్రైమరీ రోజున, ఓటింగు పెట్టారు. తొమ్మిది లక్షల మందికి పైగా వచ్చి ఓటేశారు. ట్రంప్ దాదాపు 15 శాతం తేడాతో గెలిచిన ఆ రాష్ట్రం 59 శాతం ఓట్లతో సవరణను తిరస్కరించింది. నవంబరులో కెంటకీ కూడా అలాంటి సవరణనే తోసిపుచ్చింది. అదే కాగితం మీద రిపబ్లికన్ సెనేటర్ రాండ్ పాల్‌కు 60 శాతానికి పైగా ఓట్లు వేసింది. తీర్పుకు ముందూ తర్వాతా ఇంత స్పష్టమైన గీత కనిపిస్తున్నప్పుడు ఈ కారణాన్ని కొట్టిపారేయడం కుదరదు.

ఎగ్జిట్ పోల్‌ను ఎంతవరకు నమ్మాలి

ఓటేసి వచ్చినవారిలో 31 శాతం ద్రవ్యోల్బణాన్ని, 27 శాతం గర్భస్రావాన్ని అతి ముఖ్యమైన అంశంగా చెప్పారని ఎగ్జిట్ పోల్ తేల్చింది. ఈ అంకె పెద్ద ఆయుధంలా కనిపిస్తుంది గాని, తన పార్టీ ఏది చెబుతుందో ఓటరు చాలాసార్లు దాన్నే ముఖ్యమంటాడు. అంశం ఓటును కదిలించిందో, ఓటు అంశాన్ని ఎంచుకుందో ఆ ప్రశ్న చెప్పలేదు. అంతకన్నా విలువైన అంకె మరొకటుంది. బైడెన్ పనితీరు కొంతవరకు నచ్చలేదన్నవారు సాధారణంగా ప్రతిపక్షానికి కట్టకట్టుకుని ఓటేయాలి. ఈసారి వారు 49–45 శాతంగా డెమోక్రాట్ల వైపే మొగ్గారు. అధ్యక్షుని మీద తీర్పుగా జరగవలసిన ఎన్నిక వారి వరకు ఇద్దరిలో ఒకరిని ఎంచుకునే పోటీగా మారింది. 2021 జనవరి 6న పార్లమెంటు భవనం మీద జరిగిన దాడిపై విచారణలు, తన నివాసమైన మార్-ఎ-లాగోలో సోదాలు, వరుస సభలతో మాజీ అధ్యక్షుడు ట్రంప్ ఆ ఏడాదంతా కళ్లముందే ఉన్నారు. పదవిలో లేని నాయకుడు మధ్యంతర ఎన్నికలో ఇంతగా కనిపించడం అరుదు.

డెమోక్రాట్లు, యువత వెల్లువలా వచ్చి పార్టీని కాపాడారన్న వాదాన్ని మాత్రం నేను అంతగా నమ్మను. దేశం మొత్తంలో ట్రంప్ ఓటర్లే బైడెన్ ఓటర్ల కన్నా ఎక్కువ పట్టుదలగా పోలింగ్ కేంద్రాలకు వచ్చారని తర్వాతి అధ్యయనాలు చూపాయి.

కొంత భాగం కేవలం అదృష్టానికి వదిలేయాలి. నెవాడాలో మనకున్న నోటా లాంటి గడి ఉంది. సెనేటర్ క్యాథరిన్ కోర్టెజ్ మాస్టోకు వచ్చిన ఆధిక్యం ఎనిమిది వేల లోపు, ఆ గడిలో పడిన ఓట్లు అంతకన్నా ఎక్కువ. కొలరాడో మూడో స్థానంలో రిపబ్లికన్ లారెన్ బోబర్ట్ 546 ఓట్లతో బయటపడ్డారు. అరిజోనా అటార్నీ జనరల్ పదవి 25 లక్షల ఓట్లలో, రీకౌంటింగ్ తర్వాత, 280 ఓట్ల తేడాతో తేలింది. ఇంత సన్నని తేడాలకు పెద్ద సిద్ధాంతాలు కట్టకండి. తొలి రాత్రి తీర్పులూ రాయకండి: సెనేట్ ఎవరిదో నవంబరు 12న గాని, ప్రతినిధుల సభ ఎవరిదో 16న గాని తేలలేదు.

ఫలితం చెప్పని దాన్ని దాని నోట పెట్టకండి

2022 ఫలితాన్ని చాలామంది డెమోక్రాట్లు బైడెన్ బలానికి రుజువుగా తీసుకున్నారు. ఓట్ల లెక్కలు ఆ మాట ఎక్కడా అనలేదు. ఆయన పనితీరు నచ్చనివారు ఎదుటి అభ్యర్థిని చూసి వెనకడుగు వేశారని మాత్రమే అన్నాయి. పైగా మధ్యంతర ఎన్నికకు వచ్చే జనం వేరు. 2020లో అర్హుల్లో మూడింట రెండు వంతుల మంది ఓటేస్తే 2022లో సగం మంది కూడా రాలేదు. బైడెన్ 2023 ఏప్రిల్‌లో మళ్లీ పోటీ చేస్తానని ప్రకటించి, 2024 జూలై 21న తప్పుకున్నారు. ఆ నవంబరులో ట్రంప్ ఏడు కీలక రాష్ట్రాలనూ గెలుచుకున్నారు.

ఆ ఏడింటిలో అరిజోనా ఒకటి. అక్కడ ట్రంప్ ఆధిక్యం సుమారు ఐదున్నర శాతం. అదే కాగితం మీద గర్భస్రావ హక్కును రాష్ట్ర రాజ్యాంగంలో చేర్చే 139వ ప్రతిపాదన 60 శాతానికి పైగా ఓట్లతో నెగ్గింది. ఇంకొక గడిలో సెనేట్‌కు కారీ లేక్ పేరు మళ్లీ ఉంది. ఆమె డెమోక్రాట్ రూబెన్ గాయెగో చేతిలో రెండు శాతం పైచిలుకు తేడాతో ఓడారు.